ఏ యూనిట్ ఎండది, ఏ యూనిట్ బొగ్గుది?

ఢిల్లీ మెట్రో బ్లూ లైన్ యమునా బ్యాంక్ స్టేషన్ దగ్గర రెండుగా చీలుతుంది. అందులో చిన్న పాయ ఆనంద్ విహార్ మీదుగా ఢిల్లీ సరిహద్దు దాటి, ఉత్తరప్రదేశ్‌లోని వైశాలి దగ్గర ముగుస్తుంది. గాజియాబాద్ జిల్లాలోని ఈ అపార్ట్‌మెంట్ల పేటకు 2011 జులైలో మెట్రో వచ్చింది. 2019 ఏప్రిల్ నుంచి ఢిల్లీ మెట్రో వాడే కరెంటులో కొంత భాగం మధ్యప్రదేశ్‌లోని రీవా సౌర విద్యుత్ కేంద్రానిది. 750 మెగావాట్ల ఆ కేంద్రం ఉత్పత్తిలో 24 శాతం మెట్రోకు ఇవ్వాలన్నది ఒప్పందం.

ఇక్కడ ఒక చిన్న చిక్కు ఉంది. రాత్రి పది గంటలకు వైశాలి ప్లాట్‌ఫామ్ మీద ఆగే రైలుకు రీవా ఎండతో సంబంధం ఏమిటి? అప్పటికి అక్కడ పొద్దుగూకి మూడు గంటలు దాటి ఉంటుంది. పోనీ మిట్టమధ్యాహ్నం నడిచిన రైలు సంగతి చూద్దాం. దాని మోటార్లను తిప్పింది రీవా ఎండా, లేక దగ్గర్లోని దాద్రి థర్మల్ కేంద్రంలో మండిన బొగ్గా? ఏ మీటరూ చెప్పలేదు. భౌతికశాస్త్రం కూడా చెప్పలేదు.

అయినా ఒప్పందం మేరకు రీవా కరెంటు మెట్రోకు అందినట్టే లెక్క. విద్యుత్ పంపిణీ సంస్థలు, అంటే డిస్కమ్‌లు, తాము సరఫరా చేసే కరెంటులో ఇంత శాతం పునరుత్పాదక వనరుల నుంచి కొనాలని మన రాష్ట్రాల్లో నిబంధనలు ఉన్నాయి. అవన్నీ నిలబడ్డది ఇలాంటి లెక్క మీదే. ఇరవై ఏళ్లలో ఆ లెక్క చాలా సాధించింది. ఇప్పుడు దానికి గడియారం అడ్డు వస్తోంది.

తీగలో రంగులుండవు

ఇంట్లో స్విచ్ వేసినప్పుడు ఎక్కడో ఉన్న విద్యుత్ కేంద్రం నుంచి ఎలక్ట్రాన్లు పరుగెత్తుకుంటూ వచ్చి బల్బులో దూరతాయని చాలామంది ఊహ. నిజానికి మామూలు వాడకంలో రాగి తీగలోని ఎలక్ట్రాన్లు కదిలే సగటు వేగం సెకనుకు మిల్లీమీటరులో పదో వంతు. నత్త కూడా దాన్ని దాటిపోతుంది. అదీ ఒకే దిశలో కాదు. మన గ్రిడ్‌లోది 50 హెర్ట్జ్ ఏకాంతర విద్యుత్తు కాబట్టి ఎలక్ట్రాన్ సెకనుకు వంద సార్లు దిశ మార్చుకుంటుంది. అది ముందుకూ వెనక్కూ ఊగే దూరం మిల్లీమీటరులో వెయ్యో వంతు కూడా ఉండదు. రీవాలోని ఎలక్ట్రాన్ రీవాలోనే ఉంటుంది, వైశాలిది వైశాలిలోనే. వాటి మధ్య ప్రయాణించేది శక్తి.

ఊరి చెరువును తలచుకుంటే విషయం తేలికగా బోధపడుతుంది. నాలుగు వాగుల నీరు చెరువులో కలుస్తుంది. తూము కింది పొలాల్లో ఏ మడికి ఏ వాగు నీరు చేరిందో ఎవరూ విడదీసి చెప్పలేరు. కానీ ఏ వాగు ఎంత నీరు తెచ్చిందో, ఏ పొలానికి ఎంత పారిందో కొలవచ్చు. గ్రిడ్‌లోనూ అంతే. కేంద్రాల గేటు దగ్గర మీటర్లుంటాయి, డిస్కమ్ పొలిమేరలో మీటర్లుంటాయి. మధ్యలో ఏముందన్నది ఎవరికీ అక్కర్లేదు. ఫలానా వాగు నీళ్లలో ఇంత వాటా నాదని ఒప్పందం రాసుకున్నవాడికి ఆ మేరకు పద్దు రాస్తారు. అంతకంటే నిజాయితీగా చేయగలిగింది కూడా ఏమీ లేదు.

అందుకే ‘పచ్చ కరెంటు’ అనేది తీగలో దొరికే వస్తువు కాదు, పద్దులో దొరికే వస్తువు. ఈ మాట వినగానే ఇదంతా కాకి లెక్క అనుకోనక్కర్లేదు. పద్దు ఒత్తిడి వల్లే కొత్త కేంద్రాలు కట్టారు. చెరువులో కలిసే వాగులు మారాయి.

చట్టంలో ఒక్క వాక్యం

మూలం విద్యుత్ చట్టం 2003లో ఉంది. దాని 86వ సెక్షన్ ఒకటో ఉపసెక్షన్‌లోని ‘ఇ’ క్లాజు ప్రకారం రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండళ్లు పునరుత్పాదక విద్యుత్తును ప్రోత్సహించాలి. డిస్కమ్ పరిధిలోని మొత్తం వినియోగంలో ఎంత శాతం ఆ వనరుల నుంచి కొనాలో నిర్ణయించాలి. శాతం ఎంతో చట్టం చెప్పలేదు. దాన్ని రాష్ట్రాలకు వదిలింది. విద్యుత్తు రాజ్యాంగంలో ఉమ్మడి జాబితాలోని అంశం కదా. దీన్నే పునరుత్పాదక కొనుగోలు బాధ్యత, పొట్టిగా ఆర్‌పీవో అంటున్నారు.

ఈ ఆలోచన మనది కాదు. 1983లోనే అమెరికాలోని అయోవా రాష్ట్రం తన రెండు ప్రైవేటు విద్యుత్ సంస్థలు కలిసి 105 మెగావాట్ల పునరుత్పాదక విద్యుత్తు సమకూర్చుకోవాలని చట్టం చేసింది. ఇప్పటి కళ్లతో చూస్తే ఒక మోస్తరు సౌర కేంద్రమంత. 1999లో టెక్సాస్ 2009 నాటికి 2,000 మెగావాట్లు అదనంగా రావాలంది. గడువుకు ఏళ్ల ముందే లక్ష్యం దాటిపోయింది. కాలిఫోర్నియా 2018లో చేసిన చట్టం 2030కి 60 శాతం పునరుత్పాదకం, 2045కి మొత్తం కర్బన రహితం అంటోంది. దేశమంతటికీ వర్తించే ఇలాంటి చట్టాన్ని మాత్రం అమెరికా ఇంతవరకూ చేయలేకపోయింది. జర్మనీ దారి వేరు. అక్కడ శాతం నిర్ణయించకుండా ధర నిర్ణయించి, ఆ ధరకు ఎవరు ఎంత తెచ్చినా కొనమన్నారు. మన దేశం రెండూ కలిపి వాడింది. దాని ఫలితాలు ఆంధ్రప్రదేశ్ కథలో చూడవచ్చు.

శాతాలు రాష్ట్రాల చేతిలో ఉండటమంటే ఏమిటో వైశాలి నుంచి చూస్తే బాగా తెలుస్తుంది. ఇక్కడి ఇళ్లకు కరెంటు ఇచ్చేది మేరఠ్ కేంద్రంగా ఉన్న పశ్చిమాంచల్ విద్యుత్ వితరణ్ నిగమ్. దాని మీద అధికారం ఉత్తరప్రదేశ్ నియంత్రణ మండలిది. మెట్రోలో రెండు స్టేషన్లు దాటి ఆనంద్ విహార్‌లో దిగితే డిస్కమ్ బీఎస్ఈఎస్ యమునా, అధికారం ఢిల్లీ మండలిది. గ్రిడ్ ఒక్కటే, ఎండ ఒక్కటే, వాయు కాలుష్యమూ ఒక్కటే. పద్దులు మాత్రం రెండు. ఉత్తరప్రదేశ్ మండలి 2010లో తెచ్చిన నిబంధనల్లో బాధ్యత మొదటి ఏడాది 4 శాతం, తర్వాత 5, ఆ తర్వాత 6.

అసలు ఏది పునరుత్పాదకం అన్నదీ చట్టం చెప్పాల్సిందే. ఇక్కడొక తమాషా ఉంది. శ్రీశైలం, నాగార్జున సాగర్ టర్బైన్లను తిప్పే నీరు ఏటా వానతో తిరిగి వచ్చేదే. కానీ 2019 మార్చి దాకా మన దేశంలో 25 మెగావాట్లు దాటిన జలవిద్యుత్ కేంద్రం ‘పునరుత్పాదకం’ కాదు. పద్దులో లవం దగ్గర దానికి చోటు లేదు, హారం లెక్కగట్టేటప్పుడూ దాన్ని తీసేసేవారు. 2018లో కేంద్ర విద్యుత్ శాఖ 2021-22కు 21 శాతం అన్న లక్ష్యం ఇలాంటి హారం మీద పెట్టిందే. ఇప్పటి లక్ష్యాలు మొత్తం వినియోగం మీద. పాత జలవిద్యుత్తు కూడా ‘ఇతర పునరుత్పాదకం’ ఖాతాలో చేరుతుంది. అప్పటి 21నీ ఇప్పటి అంకెలనూ పక్కపక్కన పెట్టి ‘ఎంత పెరిగిందో’ అని మురిసిపోయే ముందు ఈ సంగతి గుర్తుంచుకోవడం మంచిది.

కాగితం మీద కరెంటు

రాజస్థాన్‌లో ఎండ ఎక్కువ, తమిళనాడులో గాలి ఎక్కువ. ఢిల్లీలో రెండింటికీ చోటు తక్కువ. అందరికీ బాధ్యత పెడితే వనరు లేనివాళ్లేం చేయాలి? దీనికి జవాబుగా 2010లో పునరుత్పాదక ఇంధన ధ్రువపత్రాలు, అంటే ఆర్‌ఈసీలు వచ్చాయి. ఒక మెగావాట్-అవర్, అంటే వెయ్యి యూనిట్లు ఉత్పత్తి చేస్తే ఒక పత్రం. కరెంటును మామూలు ధరకు స్థానిక డిస్కమ్‌కు అమ్ముకోవచ్చు. అందులోని ‘పచ్చదనాన్ని’ మాత్రం విడిగా పత్రం రూపంలో ఎక్స్ఛేంజీలో అమ్మవచ్చు. కొన్న డిస్కమ్ తన బాధ్యత తీరిందని చూపవచ్చు. ఒక మెగావాట్ సౌర కేంద్రం ఏడాది పొడవునా తన పూర్తి సామర్థ్యంలో సగటున 20 శాతం పనిచేస్తే 1,752 మెగావాట్-అవర్లు వస్తాయి. అంటే అన్నే పత్రాలు.

2011 మార్చిలో వ్యాపారం మొదలైంది. చూడ్డానికి ముచ్చటైన ఏర్పాటు. కానీ కొనేవాళ్లు రాలేదు. లక్ష్యం తప్పితే ఏం జరుగుతుందో డిస్కమ్‌లకు బాగా తెలుసు: ‘వచ్చే ఏడాదికి బాకీ మోయండి’ అని నియంత్రణ మండళ్లు అనేవి. పోయిన ఏడాది బాకీ ఈ ఏడాదికి, ఈ ఏడాదిది వచ్చే ఏడాదికి. సౌర పత్రానికి కనీస ధర తొలినాళ్లలో 12,000 రూపాయలు, 2012 నుంచి 9,300. ఆ ధరకు కొనడం కంటే గడువు అడగడం చౌక. అమ్ముడుపోని పత్రాలు కోటికి పైగా పేరుకుపోయాయి. ధ్రువపత్రాలను నమ్ముకుని అప్పు తెచ్చి కేంద్రాలు పెట్టినవాళ్లు దెబ్బతిన్నారు. 2020 జులై నుంచి 2021 నవంబరు దాకా వివాదం వల్ల వ్యాపారమే ఆగిపోయింది. 2022 చివర్లో కొత్త నిబంధనలు వచ్చి కనీస ధర ఎత్తేశాక పత్రం ధర వేలల్లోంచి వందల్లోకి దిగింది.

కోర్టులు మాత్రం బాధ్యత వైపే నిలబడ్డాయి. సొంత అవసరానికి కరెంటు తయారు చేసుకునే పరిశ్రమల మీద కూడా ఈ బాధ్యత పెట్టవచ్చా అన్న వివాదం రాజస్థాన్ నుంచి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. హిందుస్థాన్ జింక్ కేసులో 2015 మే 13న కోర్టు పెట్టవచ్చని తేల్చింది. కాలుష్యం లేని పర్యావరణం జీవించే హక్కులో భాగమన్న వాదనకు ఆ తీర్పులో చోటు దక్కింది. 2022లో ఇంధన పొదుపు చట్టాన్ని సవరించి, కేంద్రమే కనీస శాతాలు నిర్ణయించేలా, తప్పితే జరిమానా పడేలా చేశారు. 2023 అక్టోబరు 20 నోటిఫికేషన్ ప్రకారం 2024-25కు 29.91 శాతం. అక్కణ్నుంచి ఏటా పెరుగుతూ 2029-30కి 43.33 శాతం.

కర్నూలు ఎండ, గుజరాత్ ధర

కనీసం కొననివాళ్లను ఏం చేయాలన్నదే అందరూ ఆలోచించారు. కనీసం దాటి కొన్నవాళ్ల సంగతేమిటి? ఈ ప్రశ్న ఆంధ్రప్రదేశ్‌లో పుట్టింది.

ఉమ్మడి రాష్ట్ర నియంత్రణ మండలి 2012లో పెట్టిన బాధ్యత 5 శాతం. అందులో సౌరం పావు శాతమే. విభజన తర్వాత 2015లో ఆంధ్రప్రదేశ్ సౌర, పవన విధానాలు ప్రకటించింది. రాయలసీమ గుట్టల మీద గాలిమరలు లేచాయి. కర్నూలు జిల్లా గని, శకునాల గ్రామాల దగ్గర 1,000 మెగావాట్ల సౌర పార్కు 2017లో పూర్తయింది. అప్పట్లో ఒకే చోట అంత పెద్దది ప్రపంచంలోనే అరుదు. 2017లో మండలి బాధ్యతను 9 శాతానికి పెంచి, ఏటా రెండేసి శాతం చొప్పున 2021-22కు 17కు చేర్చాలంది. రాష్ట్రం అసలు కొనుగోళ్లు ఆ మెట్లను దాటి ముందుకు పోయాయి.

పవన విద్యుత్తు ధరను మండలి నిర్ణయించేది. యూనిట్ 4 రూపాయల 84 పైసల దాకా ఉండేది. ఒప్పందాలు 25 ఏళ్లకు. సరిగ్గా ఆ సమయంలో దేశంలో వేలంపాటలు మొదలై ధరలు కుప్పకూలాయి. 2017 మే నెలలో రాజస్థాన్‌లోని భడ్లాలో సౌర విద్యుత్తు యూనిట్ 2.44 రూపాయలకు దిగింది. డిసెంబరులో గుజరాత్‌లో పవన విద్యుత్తు 2.43. రెండేళ్ల కిందట కొన్న వస్తువు మరో రాష్ట్రంలో సగం ధరకు దొరుకుతుంటే ఎవరికైనా కడుపు మండుతుంది.

2019 మేలో కొత్త ప్రభుత్వం వచ్చింది. జులై 1న పాత ఒప్పందాల ధరలను తిరిగి బేరమాడటానికి ఉన్నత స్థాయి కమిటీ వేసింది. పవనానికి 2.43, సౌరానికి 2.44 చాలన్నది డిస్కమ్‌ల మాట. ఆ అంకెలు ఎక్కడివో పైన చూశాం: ఒకటి గుజరాత్ గాలి ధర, ఒకటి రాజస్థాన్ ఎండ ధర. ప్రభుత్వ వాదనలో ఆర్‌పీవో కూడా ఉంది. చట్టం అడిగిన దానికంటే చాలా ఎక్కువ కొన్నాం, ఆ భారం డిస్కమ్‌లను ముంచుతోంది అని. కేంద్రం ఒప్పుకోలేదు; సంతకం చేసిన ఒప్పందాన్ని తిరగదోడితే దేశంలో పెట్టుబడులు రావంది. కంపెనీలు హైకోర్టుకు వెళ్లాయి. 2019 సెప్టెంబరు 24న ఏకసభ్య ధర్మాసనం, విషయం నియంత్రణ మండలి తేల్చే దాకా 2.43, 2.44 చొప్పున చెల్లించమంది. 2022 మార్చి 15న డివిజన్ బెంచి ఆ ఆదేశాన్ని కొట్టేసింది. ఒప్పందంలోని ధరే చెల్లించాలి, బకాయిలు ఆరు వారాల్లో తీర్చాలి అంది.

ఒప్పందాల విషయంలో కోర్టు మాట సబబైనదే. సంతకానికి విలువ లేకపోతే 25 ఏళ్ల అప్పు ఎవరూ ఇవ్వరు. వడ్డీ పెరిగితే చివరికి సౌర విద్యుత్తు ధరే పెరుగుతుంది. కానీ డిస్కమ్‌ల గోడులో ధర ఒక్కటే లేదు, భౌతికశాస్త్రం కూడా ఉంది. దాని మీద పెద్దగా చర్చ జరగలేదు. రాయలసీమ గాలి ఎక్కువగా వీచేది జూన్ నుంచి సెప్టెంబరు వరకు, నైరుతి రుతుపవనాల కాలంలో. ఎండ కరెంటు పొద్దున మొదలై సాయంత్రానికి సున్నా. ఆ నెలల్లో, ఆ గంటల్లో థర్మల్ కేంద్రాలను తగ్గించి నడిపినా వాటికి స్థిర ఛార్జీ కట్టక తప్పదు. ఎందుకంటే గాలి ఆగిన నెలల్లో, పొద్దుగూకాక మళ్లీ అవే కావాలి. ఏడాది మొత్తం మీద శాతం ఎంతో ఆర్‌పీవో అడుగుతుంది. ఏ నెల, ఏ గంట అని అడగదు.

చెరువు పోలిక తెగేది ఇక్కడే

చెరువు నీటిని రేపటికి దాచుకోవచ్చు. గ్రిడ్‌లో ఆ వీలు లేదు. ప్రతి క్షణం ఎంత వాడుతున్నారో అంతే ఉత్పత్తి కావాలి. వాడకం ఎక్కువైతే జనరేటర్ల వేగం తగ్గి 50 హెర్ట్జ్ కిందికి జారుతుంది, తక్కువైతే పైకి లేస్తుంది. మన గ్రిడ్ నిర్వాహకులు 49.90కీ 50.05కీ మధ్య నిలపాలని చూస్తారు. అందుకోసం రోజును పావుగంటల చొప్పున 96 ముక్కలు చేసి, ఏ ముక్కలో ఏ కేంద్రం ఎంత ఇవ్వాలో ముందే రాసుకుంటారు.

ఆ పని ఎంత సున్నితమో 2020 ఏప్రిల్ 5 రాత్రి తెలిసింది. తొమ్మిది గంటలకు తొమ్మిది నిమిషాలు దీపాలార్పమన్న పిలుపుతో దేశ డిమాండ్ ఒక్కసారిగా 31,089 మెగావాట్లు పడిపోయి, వెంటనే మళ్లీ లేచింది. గ్రిడ్ పడిపోలేదు. ఆ సమయానికి చకచకా ఉత్పత్తి తగ్గించి, మళ్లీ పెంచింది ప్రధానంగా జలవిద్యుత్ కేంద్రాలే. బొగ్గు బాయిలర్ అంత చురుగ్గా కదలదు. సౌర పలక ఆ వేళ నిద్రలో ఉంటుంది.

దీపాలార్పిన ఆ రాత్రి ఒక్కసారి వచ్చింది. సూర్యాస్తమయం రోజూ వస్తుంది. దేశ సౌర సామర్థ్యం 2025 జనవరి చివరికి 100 గిగావాట్లకు చేరింది. 2024 మే 30న డిమాండ్ దాదాపు 250 గిగావాట్లు తాకినప్పుడు, అది పగటివేళ కాబట్టి సౌరం ఆదుకుంది. అదే ఉక్క రాత్రి తొమ్మిదికీ ఉంటుంది, వైశాలి ఫ్లాట్లలో ఏసీలు అప్పుడే ఆన్ అవుతాయి. ఎండ ఉన్నప్పుడే వడ్లు ఎండబెట్టుకున్నట్టు ఎండ ఉన్నప్పుడే కరెంటు వాడుకుంటే సరిపోయేది. కానీ జనం బతుకు అలా నడవదు.

గంటకు విలువ ఎంతో కొలిచిన వేలంపాట ఒకటుంది. 2020 జనవరిలో భారత సౌర విద్యుత్ సంస్థ (సెకీ) నిల్వతో కూడిన 1,200 మెగావాట్ల పునరుత్పాదక విద్యుత్తుకు వేలం నిర్వహించింది. మామూలు వేళల్లో యూనిట్ ధర 2.88 రూపాయలని ముందే ఖరారు చేసి, రద్దీ వేళల్లో ఎంతకిస్తారో చెప్పమంది. హైదరాబాద్ కేంద్రంగా ఉన్న గ్రీన్‌కో 900 మెగావాట్లకు 6.12 రూపాయలు పాడింది. రెన్యూ పవర్ 300 మెగావాట్లకు 6.85. ఒకే కంపెనీ కరెంటు, ఒకే ఒప్పందం. గడియారం ముల్లు జరిగితే ధర రెండింతలు దాటింది. ఆర్‌పీవో పద్దులో మాత్రం ఆ రెండు యూనిట్లూ సమానమే.

రాత్రికి దాచే దారుల్లో తెలుగు నేలకు బాగా తెలిసినది నీరే. నాగార్జున సాగర్ ప్రధాన విద్యుత్ కేంద్రంలోనూ, శ్రీశైలం ఎడమ గట్టు కేంద్రంలోనూ వెనక్కి తిరిగి నీటిని పైకి తోడగల టర్బైన్లు ఎప్పటినుంచో ఉన్నాయి. ఇప్పుడు నంద్యాల జిల్లా పిన్నాపురంలో నదికి దూరంగా, కింద ఒకటి పైన ఒకటి రెండు జలాశయాలతో 1,680 మెగావాట్ల పంప్డ్ స్టోరేజ్ ప్రాజెక్టును గ్రీన్‌కో చేపట్టింది. పగలు మిగులు సౌర విద్యుత్తుతో నీటిని పైకి తోడతారు, సాయంత్రం కిందికి వదిలి కరెంటు తీస్తారు. ఆరు గంటల పాటు పూర్తి సామర్థ్యంతో, అంటే రోజుకు 10,080 మెగావాట్-అవర్లు.

ఇది ఎంత నీరో ఇంటర్ చదివినవాళ్లు కూడా లెక్కవేయవచ్చు. ఒక టన్ను నీరు వంద మీటర్లు కిందికి దిగితే విడుదలయ్యే శక్తి 0.98 మెగాజౌళ్లు. ఒక యూనిట్ కరెంటు 3.6 మెగాజౌళ్లు. అంటే ఒక్క యూనిట్‌కు దాదాపు 3.7 టన్నుల నీరు. వంద మీటర్ల ఎత్తు అనుకుని 10,080 మెగావాట్-అవర్లకు లెక్క కడితే 3.7 కోట్ల టన్నులు, అంటే సుమారు 1.3 టీఎంసీలు. ఒక్క సాయంత్రానికి! పైగా తోడటానికి వంద యూనిట్లు ఖర్చయితే తిరిగి వచ్చేది 75 నుంచి 80. ఆ పోయే ఇరవై పాతికా, జలాశయాల ఖర్చూ కలిసే 2.88ని 6.12 చేశాయి.

కేంద్ర విద్యుత్ శాఖ 2022 జులైలో ఆర్‌పీవో పక్కనే నిల్వ బాధ్యత అని ఇంకో పద్దు తెరిచింది. 2023-24లో వినియోగంలో ఒక శాతం నిల్వ నుంచి రావాలి, 2029-30కి 4 శాతం. నిల్వలోకి వెళ్లే కరెంటులో కనీసం 85 శాతం పునరుత్పాదకం అయితేనే లెక్కలోకి వస్తుంది. లేకుంటే బొగ్గు కరెంటుతో నీరు తోడి పచ్చ రంగు పూసేవాళ్లు ఉంటారు. చట్టం గడియారం వైపు చూడటం ఇదే మొదలు. కానీ 43తో పోలిస్తే 4 చిన్న అంకె.

మేడ మీద ఎంత చోటు?

కొత్త పద్దులో 2024-25 నుంచి చిన్న చిన్న పునరుత్పాదక కేంద్రాలకు ప్రత్యేక వాటా పెట్టారు. ఇళ్ల కప్పుల మీదివి, పొలం గట్ల దగ్గరివి, మొత్తం మీద 10 మెగావాట్ల లోపువన్నీ ఇందులోకి వస్తాయి. మొదటి ఏడాది 1.5 శాతం, 2029-30కి 4.5. 2024 ఫిబ్రవరిలో వచ్చిన పీఎం సూర్య ఘర్ పథకం కోటి ఇళ్ల లక్ష్యంతో, 3 కిలోవాట్లకు 78,000 రూపాయల సబ్సిడీ ఇవ్వడం వెనుక డిస్కమ్‌ల ఈ అవసరం కూడా ఉంది. కప్పు మీద పలక పెట్టినవారు తమ బిల్లు తగ్గించుకుంటారు. ఆ యూనిట్లు డిస్కమ్ బాధ్యత కింద జమ అవుతాయి.

సొంత ఇల్లున్న ఊళ్లలో ఇది చక్కగా కుదురుతుంది. ఒక కిలోవాట్ పలకలు రోజుకు సగటున 4 యూనిట్లు ఇస్తాయి. 3 కిలోవాట్లు నెలకు 360. చిన్న కుటుంబానికి దాదాపు చాలు. కానీ వైశాలి లాంటి చోట? 40 ఫ్లాట్లున్న పదంతస్తుల భవనాన్ని ఊహించుకోండి. కప్పు 400 చదరపు మీటర్లు. నీళ్ల ట్యాంకులు, లిఫ్టు గది, నీడ పడే మూలలు పోగా సగం మిగిలిందనుకుందాం. కిలోవాట్‌కు 10 చదరపు మీటర్ల చొప్పున 20 కిలోవాట్లు, రోజుకు 80 యూనిట్లు. ఒక్కో ఫ్లాట్‌కు రెండు. ఒక ఏసీ రెండు గంటలు తిరిగేసరికి అయిపోతుంది. ఉమ్మడి లిఫ్టుకూ మెట్ల దీపాలకూ ఉపయోగపడొచ్చు. అంతకు మించి నిలువుగా పెరిగిన నగరాలు దూరపు ఎండ మీద ఆధారపడాల్సిందే, రీవా మీద మెట్రో ఆధారపడినట్టు.

ఇంటివాళ్ల వంతు వేరే రూపంలో వస్తోంది. 2023 జూన్‌లో కేంద్రం విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనలను సవరించింది. ఎండ ఉండే వేళల్లో కరెంటు ధర మామూలు కంటే 10 నుంచి 20 శాతం తక్కువ, రద్దీ వేళల్లో అంతే ఎక్కువ ఉండాలంది. ఒక స్థాయి దాటిన వాణిజ్య, పారిశ్రామిక వినియోగదారులకు 2024 ఏప్రిల్ 1 నుంచి, వ్యవసాయం మినహా మిగతావారికి 2025 ఏప్రిల్ 1 నుంచి, స్మార్ట్ మీటరు పెట్టాక. నియంత్రణ మండళ్లు దీన్ని ఏ రాష్ట్రంలో ఎప్పుడు అమలు చేస్తే అప్పుడు వాషింగ్ మెషీన్ మధ్యాహ్నం వేశారా, రాత్రి వేశారా అన్నది బిల్లులో కనిపిస్తుంది. ఆ ఇంటికి కరెంటు ఇచ్చే డిస్కమ్ తన పునరుత్పాదక శాతాన్ని మాత్రం ఏప్రిల్ నుంచి మార్చి దాకా కలిపి, ఏడాదికి ఒకే అంకెగా చూపిస్తుంది.